తాళం ఇస్తేనే ఎక్కుతా

గోడౌన్ పక్కనున్న చీపుళ్ళ గదికి సోమవారం పొద్దున మరుగుదొడ్డి అయ్యే యోగం పట్టింది. చిరునవ్వు సారు స్వయంగా దగ్గరుండి, తలుపు మీద 'మహిళలకు మాత్రమే' అని బోర్డు కొట్టించాడు. పునాది తవ్వలేదు, ఇటుక పెట్టలేదు, నీళ్ళ గొట్టం వెయ్యలేదు. రెండు మేకులతో పని ముగిసింది. ప్రపంచంలో ఇంత త్వరగా తయారైన మరుగుదొడ్డి ఇంకోటి లేదు. మేకులు కొట్టినవాడి టీ ఇంకా వేడిగానే ఉంది.

తుఫాను దూరం నుంచి ఆ బోర్డు చూసి, చేతిలో అట్టపెట్టె కింద పెట్టేసింది.

తుఫాను అనేది ఆమె అసలు పేరు కాదు. పెయింట్ ఫ్యాక్టరీ ప్యాకింగులో చేరిన మొదటివారం, ఆమె పెట్టెలకి టేపు వేస్తుంటే ఆ గాలికి పక్కవాళ్ళ జుట్టు రేగిపోయేదట. అసలు పేరు జీతం వేసే గుమస్తాకి ఒక్కడికే గుర్తుంది. అతను కూడా ఈమధ్య తడబడుతున్నాడు.

ఆమెకి కావలసింది గోడౌన్లో సరుకులెత్తే బండి, ఫోర్క్‌లిఫ్ట్, నడిపే పని. హారన్ తాత నేర్పాడు. ఫ్యాక్టరీలో అందరికంటే పాత డ్రైవరు ఆయన. మామూలుగా మాట్లాడినా బండి వస్తోందేమోనని జనం పక్కకి తప్పుకుంటారు, అంత గొంతు. భోజనాల వేళ అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే తుఫాను బండెక్కి, ఖాళీ డ్రమ్ముల మధ్య ముందుకీ వెనక్కీ తిప్పేది. కంపెనీ పెట్టిన పరీక్ష పాసైంది, లైసెన్సు తెచ్చుకుంది. ఈ నెలాఖరుకి తాత దిగిపోతున్నాడు. సీటు ఖాళీ అవుతోంది. కానీ ఎప్పుడు అడిగినా చిరునవ్వు సారుది ఒకటే జవాబు: "గోడౌన్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదమ్మా. నీ ఇబ్బంది గురించే నా బాధ."

ఇప్పుడు బోర్డే వచ్చేసింది. తుఫాను వెళ్ళి తలుపు లాగింది. చీపుళ్ళు, చిల్లు బకెట్టు, గోడకి చేరేసిన విరిగిన నిచ్చెన. అన్నీ మర్యాదగా ఆమె వైపే చూస్తున్నాయి.

"సార్, లోపల చీపుళ్ళున్నాయి."

"ఉండాలి కదమ్మా. శుభ్రత ముఖ్యం."

చిరునవ్వు సారు ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజరు. పుట్టినప్పుడు కూడా ఏడవలేదని, నవ్వాడని, అది చూసి నర్సు భయపడిందని చెప్పుకుంటారు. ఉద్యోగం తీసేసినా నవ్వుతూనే తీసేస్తాడు. అలా తీసేసిన ఒకాయన, ప్రమోషన్ వచ్చిందనుకుని వీధంతా మిఠాయిలు పంచాడు.

"అంటే ఇది నిజంది కాదా?"

"గురువారం దాకా నిజమే," అన్నాడు చిరునవ్వు సారు. "తర్వాత చూద్దాం."

గురువారం సంగతి మధ్యాహ్నం క్యాంటీన్లో తెలిసింది. హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడమ్ వస్తున్నారు. కంపెనీలో అందరికంటే పైన కూర్చునేది ఆవిడే. పోయిన సంవత్సరం వాటాదారుల సమావేశంలో మైకు పట్టుకుని, మా ఫ్యాక్టరీల్లో ప్రతి విభాగంలోనూ ఆడవాళ్ళు పనిచేస్తారు అని చెప్పేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు హెడ్డాఫీసు నుంచి కిందికి దొర్లుకుంటూ వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీ నడిపే జీఎం గారి నెత్తిన పడ్డాయి. విభాగాల్లో ఆడవాళ్ళు లేకపోతే ఆయన బోనస్ కూడా లేదన్నారు. జీఎం గారు వెంటనే, ఉన్నారు మేడమ్, కావలసినంత మంది ఉన్నారు అని రాసి పంపారు.

ఉన్నది ఐదుగురు. ఐదుగురూ ప్యాకింగులోనే.

అందుకని చిరునవ్వు సారు ఏర్పాటు చేశాడు. ప్యాకింగ్ కోటు పసుపుది, మిక్సింగ్‌ది నీలం, ల్యాబ్‌ది తెలుపు, గోడౌన్‌ది ఖాకీ. ప్రతి మనిషికీ రెండు కోట్లు, రెండూ తిరగేసి తొడుక్కునేవి, ఒకదానిమీద ఒకటి. అతిథులు ముందు గుమ్మాల్లోంచి నింపాదిగా నడుస్తారు. ఐదుగురూ వెనక వరండాలో పరిగెత్తి, దారిలో కోటు మార్చి, తర్వాతి విభాగంలో వాళ్ళకంటే ముందే పనిచేస్తూ కనబడాలి. ఐదుగురు ఆడవాళ్ళు, నాలుగు విభాగాలు. చివర్లో గోడౌన్లో తుఫాను ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చుంటే మేడమ్ పక్కన నిలబడి ఫోటో.

"బండి నడపాలా సార్?" అంది తుఫాను.

"కూర్చుంటే చాలమ్మా. తాళం నా దగ్గరుంటుంది."

గోడమీద అప్పటికే గుడ్డ బ్యానరు వేలాడుతోంది. 'మా సంస్థలో మహిళలకు పెద్దపీట.' ప్యాకింగులో కూర్చోడానికి స్టూలు కావాలని ఐదుగురిలోకీ వయసులో పెద్దదైన పెద్దక్క ఏళ్ళ తరబడి అడుగుతోంది. ఆ స్టూలు ఇంతవరకూ రాలేదు. పీట మాత్రం గోడెక్కింది.

"అయినా కంపెనీకెందుకమ్మా ఈ సమాజసేవ?" అన్నాడు పక్క బల్ల దగ్గర మిక్సింగాయన. "రంగులు అమ్ముకోక."

"సేవా?" అంది పెద్దక్క. "పొద్దున్నుంచీ నిలబడి డబ్బాలెత్తుతున్నా. ఇది సేవయితే లేచొచ్చి నా మెళ్ళో ఓ దండ వెయ్యి, తమ్ముడూ."

"దండకి కూడా రెండు వైపులా రంగు వేయించండి," అంది రేడియో, ఐదుగురిలో ఇంకొకామె. నిద్రలో కూడా వార్తలు చదివే మనిషి కాబట్టి ఆమెకా పేరు. "మళ్ళీ ల్యాబులో పనికొస్తుంది."

కోట్లు కుట్టే పని తుఫాను మొగుడికే వచ్చింది. ఆయన టైలరు, ముందుగదిలోనే మిషను. మంగళవారం ఆమె ఇంటికొచ్చేసరికి ఇల్లంతా గుడ్డముక్కలు. అత్తగారు నేలమీద కాళ్ళు చాపుకుని, కళ్ళజోడు ముక్కుచివరికి జార్చి, టిచ్ బటన్లు కుడుతోంది. మొగుడు నీలం గుడ్డనీ పసుపు గుడ్డనీ అంచులు కలిపి సుద్దతో గీత గీసుకుంటున్నాడు.

"చూశావా," అన్నాడు, కోటు తిరగేసి చూపిస్తూ. "చేతులు లోపలికి లాగి విసిరితే చాలు, రెండోవైపు బయటికొస్తుంది. మీ చిరునవ్వు సారు కాజాల బొత్తాలొద్దు, టైము పడుతుందన్నాడు. కాలరు రెండువైపులా నిలబడేలా చేయడానికి నా ప్రాణం పోయింది."

"ఐదుగుర్ని పట్టుకుని ఇరవైమందిని చేస్తున్నావురా," అంది అత్తగారు. "బ్రహ్మదేవుడు చూస్తే నీ దగ్గర పనిలో చేరతాడు."

తుఫాను ఖాకీ వైపు పైకి తిప్పి కోటు తొడుక్కుంది. అద్దం ముందు నిలబడి మోచేతులు ముందుకి చాపి, లేని స్టీరింగు పట్టుకుని ఎడమకి తిప్పింది. భుజాల దగ్గర సరిగ్గా పడింది. ఆమె కొలతలు ఆయనకి టేపు అక్కర్లేకుండానే తెలుసు.

"ఒక్కరోజైనా ఆ సీట్లో అందరి ముందూ కూర్చుంటా," అంది.

"బండి కదిలిస్తావా?"

"లేదు. కూర్చోడమే."

మొగుడు మిషను తొక్కడం ఆపేశాడు. అత్తగారు మాత్రం ఆపలేదు. సూది గుడ్డలోంచి లాగి, దారం పంటితో తెంపింది.

"కూర్చోడానికి ఇంట్లో కుర్చీ లేదటే? దానికి లైసెన్సెందుకు తెచ్చుకున్నావు?"

"తర్వాత చూద్దామన్నారత్తయ్యా."

"మీ మావయ్య కూడా నాకు కొత్త స్టవ్వు తర్వాత చూద్దామన్నారు," అంది అత్తగారు. "ఆయన పోయారు. నేనింకా పాతదానిమీదే వండుతున్నా."

మొగుడు మళ్ళీ పెడల్ మీద కాలు వేశాడు. ఖాకీ వైపు కుట్టు ఇంకో వరుస వేశాడు. ఎవరూ వెయ్యమనలేదు.

బుధవారం రిహార్సలు. చిరునవ్వు సారు స్టాప్‌వాచీ పట్టుకుని వరండా చివర నిలబడ్డాడు. ఆయన ఈల వేస్తే ఐదుగురూ పసుపు కోట్లతో బయల్దేరి, నడవలో నీలంగా మారి, మూల తిరగ్గానే తెల్లబడాలి. మొదటిసారి రేడియో ఒక చెయ్యి నీలంలోనూ ఇంకో చెయ్యి తెలుపులోనూ దూర్చి, కుడి భుజం ల్యాబ్, ఎడమ భుజం మిక్సింగ్‌గా వచ్చింది. రెండోసారి బాగానే కుదిరింది. మూడోసారి, ఎవరో ఒలకబోసిన ఆకుపచ్చ రంగు మీద పెద్దక్క కాలు పడింది. వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా జారి, చిరునవ్వు సారు బూట్ల దగ్గర ఆగింది. ఆ రోజు రికార్డు వేగం ఆవిడదే.

మడమ వాచిపోయింది. తుఫాను ఆవిడ కాలు ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ చుట్టింది.

"ఇవాళేనా అమ్మా పడటం," అన్నాడు చిరునవ్వు సారు, నవ్వుతూనే. "శుక్రవారం పడితే ఎంత బాగుండేది."

"పెద్దక్కని వదిలేయండి సార్. నలుగురం పరిగెడతాం."

ఆయన పక్కకెళ్ళి జీఎం గారికి ఫోన్ చేసి తిరిగొచ్చాడు. "విభాగానికి ఐదుగురని రాశారట. ఐదుగురూ ఉండాలట. కొంచెం కట్టు గట్టిగా కట్టుకుని పరిగెత్తమ్మా. నొప్పనిపించినప్పుడల్లా కంపెనీని తలుచుకో."

పెద్దక్క కట్టు బిగించుకుంది. "తలుచుకుంటూనే ఉన్నా సార్. బయటికి అనడం లేదంతే."

గురువారం పెద్ద మేడమ్ వచ్చారు. పొట్టి మనిషి, జుట్టు నెరిసింది, చెప్పులు పాతవి. ఆవిడ పక్కన జీఎం గారు, వెనక చిరునవ్వు సారు, ఇంకా వెనక ఫోటోగ్రాఫరు. ప్యాకింగులో ఐదుగురూ పసుపు కోట్లతో వరసగా నిలబడి టేపు వేస్తున్నారు. మేడమ్ అందర్నీ పలకరించారు. పెద్దక్కని "కాలికేమైందమ్మా" అని అడిగారు.

"పరిగెత్తితే జారానమ్మా."

"ప్యాకింగులో పరుగెందుకు?"

"మా వాళ్ళకి పనంటే అంత ఉత్సాహం మేడమ్," అన్నారు జీఎం గారు, ఆవిణ్ణి ముందు గుమ్మం వైపు నడిపిస్తూ.

అతిథులు గుమ్మం దాటగానే వెనక తలుపు దగ్గర చిరునవ్వు సారు మనిషి చెయ్యి ఊపాడు. రేడియో అప్పుడే కోటు సగం తిప్పేసింది. పెద్దక్క ఒక అడుగు వేసి, పెదవి కొరుక్కుని, గోడ పట్టుకుంది. ముఖమంతా చెమట. అయినా రెండో అడుగు వెయ్యబోయింది.

తుఫాను ఆవిడ చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. వెనక తలుపు వైపు చూసింది. తర్వాత ముందు గుమ్మం చూసింది.

"ఇటు పోదాం పెద్దక్కా," అంది. "దగ్గర. పరిగెత్తక్కర్లేదు."

"ఇటు వాళ్ళున్నారే."

"ఉండనీ. మనం కూడా అక్కడికేగా వెళ్ళేది."

ఇద్దరూ ముందు గుమ్మంలోంచి నడిచారు. రేడియో తిప్పిన కోటు మళ్ళీ పసుపుకి తిప్పుకుని వెనకాలే వచ్చింది. మిగిలిన ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, వాళ్ళూ వచ్చారు.

మిక్సింగులో జీఎం గారు అప్పటికే చెయ్యి చాపి, "ఇక్కడ కూడా మేడమ్, మహిళలు..." అని మొదలుపెట్టారు. చేతికెదురుగా పెద్ద గిన్నె, గిన్నెలో గిరగిరా తిరుగుతున్న తెల్లరంగు, దాని పక్కన మీసాలున్న మిక్సింగాయన. చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి చూపిస్తున్న వైపు చూడాలో వద్దో తెలీక మేడమ్ వెనక్కి తిరిగారు. ఐదుగురూ నెమ్మదిగా, కుంటే మనిషి నడకకి తగ్గట్టు నడిచి వస్తున్నారు.

"మీరు ప్యాకింగ్ వాళ్ళు కదూ?"

"అవును మేడమ్," అంది రేడియో. "మిక్సింగ్ వాళ్ళం కూడా మేమే."

"మరి ల్యాబులో?"

"ల్యాబులో కూడా మేమే. ఇంకా చేరుకోలేదు."

గిన్నె తిరుగుతూనే ఉంది. చిరునవ్వు సారు పెదవులు ఒకదాన్నొకటి వెతుక్కుని కలుసుకున్నాయి. ఆయన నోరు మూసుకుని ఉండగా చూడటం ఫ్యాక్టరీకి అదే మొదలు. కొందరు గుర్తుపట్టలేదు.

మేడమ్ తుఫాను దగ్గరికొచ్చి కోటు అంచు వేళ్ళతో తిరగేశారు. నీలం. కింది కోటు అంచు ఎత్తారు. తెలుపు. దాన్నీ తిరగేశారు. ఖాకీ.

"కుట్టుపని బాగుంది," అన్నారు.

"మా ఆయన కుట్టారు మేడమ్."

మేడమ్ కోటు అంచు వదిలేశారు. "చివరిది కూడా చూద్దాం పదండి," అని ముందు నడిచారు. పెద్దక్క నడకే అందరి నడక అయ్యింది. జీఎం గారు కూడా ఆవిడ వెనకాల అడుగులో అడుగేసుకుంటూ రావాల్సి వచ్చింది.

గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్‌ని తుడిచి, ముందు పూలకుండీ పెట్టారు. గుమ్మం దగ్గర లారీ నిలబడి ఉంది, పొద్దున్నించీ లోడు కోసం. మేడమ్ వెళ్ళేదాకా బండి కదలకూడదన్నారని లారీ డ్రైవరు స్టీరింగు మీద కాళ్ళేసుకుని విసుక్కుంటున్నాడు. హారన్ తాత గోడ పక్కన చేతులు కట్టుకుని ఉన్నాడు.

ఫోటోగ్రాఫరుకి లోపల జరిగిందేమీ పట్టలేదు. అతనికి ఫోటో కావాలి. "అమ్మా, మీరు బండెక్కండి. చేతులు స్టీరింగు మీద. నవ్వండి."

తుఫాను పై కోటు విప్పేసి, కిందిది ఖాకీ వైపు తిప్పుకుని బండి దగ్గరికెళ్ళింది. సీటు మీద చెయ్యి వేసింది. మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది.

"తాళం ఏది?"

"ఫోటోకి తాళమెందుకమ్మా?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

చిరునవ్వు సారు ఆమె పక్కకొచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు. "ఎక్కు. ఎక్కకపోతే సోమవారం నుంచి ప్యాకింగుకి కూడా రావద్దు."

ఆమె చెయ్యి సీటు మీదే ఉంది. రెక్సిన్ వెచ్చగా ఉంది. ఎక్కితే ఫోటోలో ఉంటుంది. నెలాఖరుకి తాత దిగుతాడు. ఆ సీట్లో ఇంకెవరో కూర్చుంటారు. వచ్చే ఏడాది ఆ ఫోటో చూపించి మళ్ళీ చప్పట్లు కొట్టించుకుంటారు. ఎక్కకపోతే ప్యాకింగు కూడా పోతుంది. ఇక మొగుడి కుట్టుమిషను మీద వచ్చేదే ఇంటికంతటికీ.

ఆమె చెయ్యి తీసేసింది.

"తాళం ఇస్తేనే ఎక్కుతా మేడమ్," అంది. గట్టిగా అనలేదు గానీ గోడౌన్ కదా, అంతటా వినబడింది. "పరీక్ష పాసయ్యాను. లైసెన్సుంది. ఉత్తినే కూర్చోను."

"పాసైతే మరి ప్యాకింగులో ఎందుకున్నావు?"

"ఇక్కడ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదన్నారు."

మేడమ్ చూపు బోర్డు మీద పడింది. నడిచి వెళ్ళి తలుపు తీశారు. చిల్లు బకెట్టు దొర్లుకుంటూ బయటికొచ్చి, జీఎం గారి కాళ్ళ దగ్గర ఆగింది.

జీఎం గారు ఉద్యోగుల విషయాలు మేనేజరు చూస్తారన్నారు. మేనేజరు, జీఎం గారు చెప్పినట్టే చేశానన్నాడు. జీఎం గారు, హెడ్డాఫీసు అంకెలే అడిగింది మేడమ్, అంకెలు పంపాం అన్నారు. బాధ్యత కాసేపు అలా చేతులు మారి, ఎవరి దగ్గరా నిలవక, అలిసిపోయి వచ్చి మేడమ్ ముందు నిలబడింది.

"నిజమే," అన్నారు మేడమ్. "అంకెలడిగింది నేనే. మైకులో చదివిందీ నేనే. వచ్చి చూడకుండా చదివాను." అలా అంటున్నప్పుడు ఆవిడ మెడ దాకా ఎర్రబడింది. "నా తప్పు నేను సమావేశంలో అదే మైకులో చెప్పుకుంటాను. ఇక్కడిది మాత్రం మీది, జీఎం గారూ. ఈ సీటుకి మనిషిని వేసే సంతకం ఎవరిది?"

"నాదే మేడమ్."

"అయితే మీరే చెప్పండి. ఆవిడకి. నాక్కాదు."

జీఎం గారు గొంతు సవరించుకున్నారు. "వెయ్యడానికేముంది మేడమ్. కానీ మరుగుదొడ్డి కట్టాలంటే వచ్చే బడ్జెట్..."

"ఆ పక్క గది ఎవరిది?"

"నా ఆఫీసు."

"అందులో ఉందా?"

జీఎం గారు పైకప్పు వైపు చూశారు. హారన్ తాత చేతులు విప్పాడు. "ఉంది తల్లీ," అన్నాడు. ఆ గొంతుకి లారీ డ్రైవరు ఉలిక్కిపడి బండి పక్కకి తీయబోయాడు. "పాలరాయి వేయించారు."

"కొత్తది కట్టేదాకా అది ఆడవాళ్ళకి," అన్నారు మేడమ్. "మీరు ఆవరణకి అవతల మగవాళ్ళందరూ వెళ్ళే చోటికి వెళ్ళండి. పనిచేసే వాళ్ళని కలిసినట్టూ ఉంటుంది."

జీఎం గారు తుఫాను వైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆమెని నేరుగా చూడటం అదే మొదటిసారి కాబట్టి ఎక్కడ చూడాలో తేల్చుకోవడానికి కొంత పట్టింది.

"ఈ బండి నీదమ్మా," అన్నారు. "తాళం ఇవ్వవయ్యా."

చిరునవ్వు సారు జేబులోంచి తాళం తీశాడు. తుఫాను అందుకుంది. పూలకుండీని ఎత్తి పక్కన పెట్టింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలు చూసి, ఎక్కి, బెల్టు పెట్టుకుంది. ఇంజను మాట్లాడింది. ముందున్న ఇనప ఫోర్కులు, డబ్బాలు పేర్చిన చెక్క ప్యాలెట్ కిందికి దూరాయి, కాస్త వెనక్కి ఒరిగాయి, డబ్బాలు గుట్టగా పైకి లేచాయి. ఒక్క డబ్బా కూడా టక్కుమనలేదు. ఆమె భుజం మీంచి వెనక్కి చూసుకుంటూ తిప్పి, లారీ తొట్టిలోకి చేర్చి, దింపింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీసుకెళ్ళింది. ఫోటోగ్రాఫరు "ఒక్క క్షణం, ఇటు చూడండి" అంటూ వెంట పరిగెడుతూనే ఉన్నాడు. చివరికి కంపెనీ పుస్తకంలో వేసిన ఫోటోలో ఆమె మోచెయ్యి ఒక్కటే వచ్చింది, అదీ చెదిరిపోయి. ఖాకీ కుట్టు మాత్రం స్పష్టంగా కనబడుతుందని మొగుడు అంటాడు.

పెద్దక్క డ్రమ్ము మీద కూర్చుని, కాలు చాపుకుని, లోడంతా అయ్యేదాకా చూసింది. మేడమ్ కూడా ఆవిడ పక్కన ఇంకో డ్రమ్ము మీద కూర్చున్నారు.

"స్టూలు కూడా ఒకటి చెప్పండమ్మా," అంది పెద్దక్క. "ఉన్నారు కదాని అడుగుతున్నా."

తర్వాతి వారం నుంచి జీఎం గారు రోజుకి చాలాసార్లు ఆవరణ దాటుతూ కనబడ్డారు. వెళ్ళేటప్పుడు గంభీరంగా, మధ్యలో కొంచెం వేగంగా, చివర్లో ఇంకా వేగంగా. అక్కడ వరసలో ముందున్నవాడు మిక్సింగాయన అయితే "రండి సార్, మా ముందు వెళ్ళండి" అనేవాడు. హారన్ తాత అయితే అనేవాడు కాదు.

వచ్చే బడ్జెట్‌లో రావలసిన మేస్త్రీ బుధవారమే వచ్చాడు. జీఎం గారు ఎండలో గొడుగేసుకుని నిలబడి, ఇటుక ఇటుకకీ "ఇంకెంతసేపయ్యా?" అని అడిగారు. ఫ్యాక్టరీ కట్టినప్పుడు కూడా ఆయన ఇంత శ్రద్ధ పెట్టలేదని పాతవాళ్ళు అన్నారు. గోడలు లేచాయి, గొట్టాలు పడ్డాయి, కొళాయిలో నీళ్ళొచ్చాయి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి కోసం ఒక మగవాడు అంత ఆత్రంగా ఎదురుచూడటం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

పై వారం శుక్రవారానికి, లోపల బిగించాల్సిన సామానంతా వచ్చింది. తెల్లటి కమోడు, వాష్ బేసిన్, అద్దం, అన్నీ గడ్డి చుట్టి ఒకే ప్యాలెట్ మీద. తుఫాను దాన్ని ఫోర్కుల మీదికి ఎత్తి, గోడౌన్ గుమ్మంలోంచి బయటికొచ్చింది. దారి మధ్యలో జీఎం గారు వీపు ఇటుపెట్టి, మేస్త్రీకి గోడ చూపిస్తూ నిలబడి ఉన్నారు.

ఆమె బండి ఆపింది. ఇంకెవరైనా అయితే దిగి వెళ్ళి, దగ్గి, చేతులు కట్టుకుని ఆగేవాళ్ళు. తుఫాను హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది.

జీఎం గారు గొడుగుతో సహా ఎగిరి ఇసకలో పడ్డారు.

"తప్పుకోండి సార్," అంది తుఫాను, ఫోర్కులు ఇంకొంచెం ఎత్తి. "బండి వస్తోంది."